కొనిచ్చేటోళ్లు ఉన్నరు, నడిపేటందుకు సాయం చేసేటోళ్లే కావాలె

ఎడిటర్ గారికి నమస్కారం.

జిల్లా పేజీ తిప్పితే వారంల ఒకసారన్న అసొంటి ఫోటో ఒకటి కనబడ్తది, ఫలానా ఊరికి ఫ్రీజర్ బాక్స్ అందజేత, ఫలానా యువజన సంఘానికి క్రికెట్ కిట్ పంపిణీ, ఇంకో ఊర్ల వాటర్ ప్లాంట్‌కు రిబ్బన్ కటింగ్. ఇచ్చినోళ్లది మంచి మనసే, వాళ్లకు దండం పెట్టాలె. గాని అది ఇచ్చిన రెండేండ్లకు ఎట్లుంది, ఎవరు నడుపుతుండ్రు, కరెంటు బిల్లు ఎవరు కడ్తుండ్రు అని అడిగేటోళ్లు మాత్రం తక్కువ. మా పాలమూరు దిక్కు సొంత పని ఇడిసిపెట్టి ఊరి పని చేసే పిల్లలు ఊరూరికీ ఉన్నరు, వాళ్లకు కావాల్సింది ఏటా పదివేలో ఇరవైవేలో, మహా అయితే యాభైవేలు, అదిగూడ పని ఉన్న టైముకు చేతికి రావాలె, మోయలేనన్ని కాయితాలు అడగకుంట రావాలె. అంత చిన్న పైసలు ఇచ్చేటందుకు సరైన దారి ఒక్కటి మన జిల్లాలల్ల పెట్టాలని అడిగేటందుకే ఈ లెటర్ రాస్తున్న.

పీనుగును ఉంచే ఫ్రీజర్ సంగతే చూడుండ్రి. బయటోళ్లకు ఇది చిన్న ముచ్చట అనిపిస్తదేమో గాని పాలమూరుల అట్ల కాదు. ఇక్కడ ఎన్నో ఇండ్లల్ల పిల్లలు ముంబైలనో పుణెలనో బెంగుళూరులనో బిల్డింగ్ పనుల మీద ఉంటరు, కొందరు గల్ఫ్ పోయిండ్రు, ఇంటి కాడ ముసలోళ్లే ఉంటరు. ముసలాయన పొద్దుగాల పానం ఇడిస్తే కొడుకు బస్సెక్కి దిగేసరికి తెల్లారుతది, దుబాయ్ నుంచి రావాలంటే ఇంకా ఎక్కువ పడ్తది, మే నెల ఎండల రేకుల ఇంట్ల అప్పటిదాక పీనుగును ఎట్ల ఉంచాలె, కొడుకు చివరి చూపు చూడకుంటనే మట్టి చేసిన ఇండ్లు మా దిక్కు ఎన్నో ఉన్నయి. మా పక్కూరికి ఎలక్షన్ల ముంగట ఒకాయన ఫ్రీజర్ ఇచ్చిండు, మూత మీద పేరు, ఫోటో పెద్దగ ఉన్నయి. రెండెండకాలాలు మంచిగనే పనిచేసింది. మా దిక్కు ఎండాకాలం వోల్టేజ్ పడిపోతది, డబ్బాతోటి స్టెబిలైజర్ ఇయ్యలేదు, కంప్రెసర్ కాలిపోయింది. మూత అంచుకు ఉండే రబ్బరు గూడ చీలింది, లోపట చల్లదనం నిలవక నీళ్లు కారుతుండె. మహబూబ్‌నగర్ నుంచి మెకానిక్‌ను పిలిపిస్తే కంప్రెసర్, గ్యాస్, కూలి అన్నీ కలిపి పదివేల పైమాటే చెప్పిండు. ఇచ్చినాయనను అడిగితే ఇంకో ఊరికి గూడ ఇయ్యాల్సి ఉంది, రిపేర్లు నాతోని కాదు అన్నడట, పంచాయతీల అడిగితే అది మా ఆస్తి రిజిస్టర్ల లేదు, బిల్లు పెట్టరాదు అన్నరు. ఆఖరికి యూత్ పిల్లలే తలా ఇంత ఏసుకొని చేయించిండ్రు. ఆ పిల్లలల్ల ఒకడు ట్రాక్టర్ డ్రైవరు, ఒకడు సెల్ షాపు పెట్టుకున్నడు, ఇద్దరు డిగ్రీ చదివి గ్రూప్స్ ప్రిపేర్ అవుతుండ్రు, వాళ్ల కాడ ఏముంటది చెప్పుండ్రి. అర్ధరాత్రి ఫోనొస్తే ట్రాలీ ఆటోల డబ్బా ఎక్కించుకొని పోతరు, ఏ వాడ, ఏ కులం అని చూడరు, పెట్టి వచ్చినంక ఒక్క రూపాయి అడగరు.

బర్రెను కొనిచ్చి గడ్డి సంగతి మర్చిపోయినట్లు ఉంటది మన దగ్గర సాయం చేసే పద్ధతి. వస్తువుకు ఫోటో వస్తది, రిపేరుకు రాదు, ఎవరో ఒకరు ఈ మాట అనాలె గనక అంటున్న.

చలివేంద్రాలు గూడ అట్లనే. ఉగాదికి బస్టాండ్ కాడ పందిరేసి రంజన్లు పెట్టి ప్రారంభం చేసుడు అందరితోని అయితది. గాని రోహిణి కార్తెల, రోడ్డు మీద కుక్క గూడ కనబడని ఎండల, పొద్దున నీళ్లు నింపాలె, ఇసుక తడపాలె, గోనెసంచి మీద నీళ్లు చల్లాలె, గ్లాసులు కడగాలె, మధ్యాహ్నం మళ్ల నింపాలె. దీనికి ఒక మనిషి కూసోవాలె, ఆ మనిషికి కూలి ఇయ్యాలె. ఊర్ల పెద్దమ్మ ఎవరో ఒకరు కూసుంటరు గాని ఉపాధి హామీ పనికి పోతే వచ్చే కూలి పోగొట్టుకొని ఎన్ని రోజులు కూసుంటది? అందుకే సగం ఎండాకాలానికే ఎన్నో చలివేంద్రాలల్ల రంజన్లు బోర్లేసి ఉంటయి, పందిరికి కట్టిన బ్యానర్ మాత్రం వానలు పడేదాక ఉంటది. పది, పదిహేను వేలుంటే ఒక చలివేంద్రం మృగశిర దాక ఆగకుంట నడుస్తది.

పదో తరగతి పిల్లలకు సాయంత్రం చదువు చెప్పే సంఘాలు గూడ ఉన్నయి. డిగ్రీ, బీటెక్ చదివిన పిల్లలు సంక్రాంతి పోయినంక మార్చిల పరీక్షల దాక రోజూ లెక్కలు, ఇంగ్లీషు చెప్తరు, కమ్యూనిటీ హాల్ల కూసోబెట్టి. వాళ్లు జీతం అడగరు. వాళ్లకు ఉండే ఖర్చు మోడల్ పేపర్ల జిరాక్సులు, రెండు ట్యూబ్‌లైట్లు, ఒక బోర్డు, పిల్లలకు ఇంత గుడాలో బిస్కెట్లో, అంతే. మా మండలంల ఇసొంటి ట్యూషన్ ఒకటి జిరాక్స్ షాపుల ఉద్దెర పెరిగి, షాపాయన ఇంక ఇయ్యనంటే ఫిబ్రవరిలనే ఆగిపోయింది. ఆ ఉద్దెర ఎంతో తెలిస్తే బాధయితది, ఒక చిన్న ఫంక్షన్ల ఫ్లెక్సీలకు పెట్టినంత గూడ లేదు.

ఇగ పైసలు లేవా అంటే ఉన్నయి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువనో, 1000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీ తన మూడేండ్ల సగటు లాభంల 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలె, దీన్నే సీఎస్ఆర్ అంటరు, అదిగూడ కంపెనీ ఉన్న చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇయ్యాలని చట్టంలనే ఉన్నది. మన దిక్కు పోలేపల్లి సెజ్ ఉన్నది, చౌటుప్పల్ దిక్కు మందుల కంపెనీలు, మఠంపల్లి, మేళ్లచెరువు, హుజూర్‌నగర్ దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నయి. మా పిల్లలు ఒక కంపెనీకి పోయి అడిగిండ్రు, ఆ ఆఫీసర్ మర్యాదగనే మాట్లాడిండు, చాయ్ గూడ తాపిచ్చిండు, గాని మీకు సీఎస్ఆర్ పైసలు తీసుకునే సంస్థలకు ఇచ్చే సీఎస్ఆర్-1 నంబర్ ఉందా, సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే 12ఏ ఉందా, విరాళం ఇచ్చినోళ్లకు పన్ను తగ్గించే 80జీ ఉందా, మూడేండ్ల పని అనుభవానికి కాయితాలున్నయా అని అడిగిండు. అది ఆయన సొంతంగ పెట్టిన రూలు కాదు, 2021 ఏప్రిల్ నుంచి కంపెనీ పైసలు తీసుకొని పని చేసే ప్రతి సంస్థ సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ చేసుకోవాల్సిందే. ఇంకొకటి గూడ ఉన్నది, కంపెనీ తన సీఎస్ఆర్ ఖర్చుల 5 శాతానికి మించి ఆఫీసు నిర్వహణకు పెట్టరాదు, అంటే వంద ఊర్లల్ల వంద చిన్న సంఘాలకు ఇచ్చి వంద లెక్కలు చూసుకునేటందుకు మనుషులను పెట్టుకునే వీలు వాళ్లకు ఉండది, అందుకే ఒకే పెద్ద పని, ఒకే బిల్డింగు, ఒకే పెద్ద ఎన్జీవో చూసుకుంటరు. దాంట్ల వాళ్లను తిట్టేటందుకు ఏం లేదు, మధ్యన ఎవరో ఒకరు ఉండాలె, ఆ మధ్యనే మనకు ఖాళీ ఉన్నది.

మరి రిజిస్టర్ చేసుకోవచ్చు కద అని అంటరు. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుల సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు, అంతవరకు తేలికనే. తర్వాత పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఏటా జనరల్ బాడీ, సభ్యుల లిస్టు, ఆడిట్, తర్వాత 12ఏ, 80జీకి ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్ల దరఖాస్తు, గడువు అయిపోయినప్పుడల్లా రెన్యువల్. సీఏ ఫీజు కట్టేసరికి చలివేంద్రం ఖర్చు దాటిపోతది. పెద్ద సంస్థ పెట్టుకునేటోళ్లు ఇవన్నీ చేయాల్సిందే, ప్రజల పైసలు కోట్లల్ల తీసుకునేటప్పుడు ఆ కట్టుదిట్టం ఉండాలె. గాని పదివేలకు, పది కోట్లకు ఒకటే తీరు కాయితాలు అడిగితే పదివేల పని చేసేటోడు వెనక్కి పోతడు, పోతుండు గూడ.

కాయితం లేకుంట నమ్మేది ఎట్ల అంటే మన ఊర్లల్లనే దానికి జవాబు ఉన్నది. మహిళా సంఘాలను చూడుండ్రి. 1992ల నాబార్డ్ ఐదు వందల సంఘాలతోటి మొదలుపెట్టిన బ్యాంకు లింకేజీ, అంటే సంఘాలకు బ్యాంకు అప్పు ఇప్పించే పద్ధతి, ఇయ్యాల ప్రతి ఊరికి వచ్చింది. పది పన్నెండు మంది ఆడోళ్లు కూసుంటే సంఘం, దానికి సొసైటీ రిజిస్ట్రేషన్ లేదు, 80జీ లేదు. మరి బ్యాంకు ఏం చూసి ఇస్తది? పంచసూత్రాలు చూసి ఇస్తది, మీటింగు టైముకు అయితుందా, పొదుపు కడ్తుండ్రా, లోపట అప్పులు తిరుగుతున్నయా, కిస్తీ కడ్తుండ్రా, పుస్తకాలు రాస్తుండ్రా. తీర్మానం పుస్తకం తీసి చూస్తే సంఘం సంగతి అంతా తెలుస్తది, ఎవరు వచ్చిండ్రో, ఎవరు రాలేదో, ఎవరి వేలిముద్ర ఉన్నదో. వాటిని చూసి 20 లక్షల దాక తాకట్టు లేకుంట అప్పు ఇస్తుండ్రు, మా అక్కలు, వదినలు కడ్తుండ్రు. అదే ఊర్ల అదే తీరు పుస్తకం పెట్టుకున్న యువజన సంఘానికి, భజన మండలికి, చదువు చెప్పే పిల్లలకు పదివేలు గ్రాంటు ఇయ్యనీకి ఇంత భయమెందుకో నాకు సమజ్ కాదు.

అందుకే నా మనసుల ఉన్న మాట ఏందంటే ఊర్ల మహిళా సంఘాలన్నీ కలిసి ఉండే గ్రామ సమాఖ్యనే మధ్యన పెట్టుండ్రి. సమాఖ్యకు ఖాతా ఉన్నది, లెక్కలు రాసే మనిషి ఉన్నది, చాలా సమాఖ్యలు 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం (మ్యాక్స్) కింద రిజిస్టర్ అయినయే. జిల్లాల ఒక చిన్న నిధి పెట్టి కలెక్టర్ గారు కంపెనీలోళ్లను కూసోబెట్టి మాట్లాడి తలా ఇంత వేయిస్తే, కంపెనీ ఒక్క చోట ఇస్తది, ఒక్క లెక్క చూసుకుంటది, ఊర్లల్లకు సమాఖ్య ద్వారా పోతది. దరఖాస్తు తెలుగుల ఒక్క పేజీ ఉండాలె, సంఘం పేరు, ఏం పని చేస్తుండ్రు, ఎంత కావాలె, దేనికి, పోయిన సంవత్సరం ఏం చేసిండ్రు, అంతే. ఆన్‌లైన్ల మాత్రమే అని పెట్టొద్దు, మీసేవ కాడ లైన్ల నిలబడి సర్వర్ లేదని ఇంటికొచ్చే బాధ మళ్ల దీంట్ల గూడ వద్దు. అన్నిటికంటే ముఖ్యం, కొనేటందుకే అని షరతు పెట్టకుంట రిపేరుకు, కూలికి, కరెంటు బిల్లుకు, పెట్రోలుకు గూడ వాడుకోనియ్యాలె. రక్తం కావాలని ఫోనొస్తే మా పిల్లలు బండేసుకొని మహబూబ్‌నగర్ పోతరు, పోయి వచ్చుడు పెట్రోలు ఎవరి జేబుల నుంచి పోతుందో అడగండి ఒకసారి.

నల్లగొండోళ్లకు నడిపే ఖర్చు అంటే ఏందో నేను చెప్పాల్సిన పని లేదు. ఫ్లోరైడు నీళ్లను పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి శుద్ధి చేసే పద్ధతిని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరి) తయారుచేసి నల్లగొండ టెక్నిక్ అని ఆ జిల్లా పేరే పెట్టింది, దేశమంతా పుస్తకాలల్ల చదువుకుంటరు. ఖరీదు మిషన్లు అక్కర్లేదు, బకెట్ల గూడ చేసుకోవచ్చు. గాని నీళ్లల్ల ఎంత ఫ్లోరైడు ఉందో దాన్ని బట్టి పటిక కొలిచి వేయాలె, కలపాలె, అడుగుకు దిగిన మడ్డి తీసేయాలె, రోజూ చేయాలె. ఆ రోజూ చేసే మనిషి లేని కాడ ఎంత మంచి పద్ధతి ఉన్నా నీళ్లు బాగుపడవు. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చినయి, అది పెద్ద మేలు, కాదనలేం. గాని మర్రిగూడ, చండూరు, మునుగోడు దిక్కు ఫ్లోరైడుతోటి నడుములు వంగిన పెద్ద మనుషులు ఇంకా ఉన్నరు, వాళ్లను దివ్యాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు తీసుకపోవాలంటే ఆటో కావాలె, పక్కన ఒక మనిషి కావాలె, రోజంతా క్యాంపు కాడ ఉండాలె. ఈ పని ఊర్ల పిల్లలు చేస్తుండ్రు, ఆటో కిరాయి గూడ వాళ్లే పెట్టుకుంటుండ్రు. ఏ పెద్ద స్కీముల గూడ ఈ ఆటో కిరాయి రాయడానికి ఒక గడి ఉండది.

చందాలు వేసుకోండి అనే మాట గూడ వింటుంటం. చందాలు మనకు కొత్త కాదు, మన తాతల కాలంల గ్రంథాలయాలు చందాల మీదనే నడిచినయి, అదిగూడ మీటింగు పెట్టుకోవాలన్నా నిజాం సర్కార్ పర్మిషన్ అడిగే గస్తీ 53 రోజులల్ల. 1922ల నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు నీలగిరి పత్రిక తెచ్చిండ్రు, 1926ల గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు మన గద్వాల దిక్కు ఇటిక్యాలపాడు మనిషే, 1930ల జోగిపేట ఆంధ్రమహాసభకు అధ్యక్షుడు ఆయననే. వాళ్ల పక్కన పేరు లేని మనుషులు ఎంతమంది ఒక్కొక్క రూపాయి వేసి ఉంటరో. గాని చందాల ఒక బాధ ఉన్నది, పైసలున్న వాడల చందా వస్తది, లేని వాడల రాదు. పెద్ద ఊర్ల రోడ్డు మీది యూత్‌కు దుకాణాలోళ్లు ఇస్తరు, ఎస్సీ కాలనీల అంబేద్కర్ యువజన సంఘానికి ఎవరిస్తరు? 2018ల తండాలు పంచాయతీలు అయినయి, దేవరకొండ దిక్కు, మా దిక్కు మస్తు అయినయి, సంతోషం, గాని తండాల దుకాణాలెన్ని ఉంటయి, ఇంటిపన్ను ఎంత వస్తది? కష్టం ఎక్కువున్న కాడనే చందా తక్కువ వస్తది గనక నిధి పెడితే మొదలు తండాలకు, కాలనీలకు ఇంత అని పక్కకు పెట్టాలె.

అమెరికాల, దుబాయ్‌ల ఉన్న మన పిల్లలు గూడ పంపుతమని అంటుంటరు, మనసు పెద్దదే. గాని ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలె, అక్కడి పౌరసత్వం తీసుకున్నోళ్లు పంపితే అది విదేశీ విరాళం కిందికి వస్తది, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ అనే చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలె, ఎఫ్‌సీఆర్‌ఏ లేని సంఘం ఒక్క రూపాయి గూడ తీసుకోరాదు, ఆ రిజిస్ట్రేషన్ కావాలంటే మూడేండ్ల నుంచి ఉన్న సంస్థ 15 లక్షలన్న ఖర్చు పెట్టి ఉండాలె, 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సంస్థ గూడ ఆ పైసలు ఇంకో సంఘానికి ఇయ్యరాదు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నోళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఆ బాధ లేదు. తెలియక పిల్లలు ఇబ్బందుల పడొద్దని చెప్తున్న.

అమెరికా పద్ధతి ఒకటి మాత్రం మనం తీసుకోవచ్చు. బోస్టన్‌ల 2009ల ఆసమ్ ఫౌండేషన్ అని మొదలైంది, పదిమంది స్నేహితులు నెలకు తలా వంద డాలర్లు వేసి, వచ్చిన దరఖాస్తులల్ల ఒకటి ఎంచుకొని వెయ్యి డాలర్లు ఇచ్చేస్తరు, వెనక షరతులు ఉండవు. మన జడ్చర్లల, మిర్యాలగూడల, వనపర్తిల పదిమంది వ్యాపారులు, డాక్టర్లు, రిటైర్డ్ సార్లు కలిసి నెలకు తలా వెయ్యి వేస్తే నెలకొక సంఘానికి పదివేలు, సర్కార్ జీవో కోసం చూడాల్సిన పని గూడ లేదు.

తింటరు అనే అనుమానం ఉన్నోళ్లకు గూడ చెప్తున్న. ఊర్ల పదివేలు ఎవరు తిన్నరో తెలుసుకోనీకి ఆడిటర్ అక్కర్లేదు, హోటల్ కాడ కూసుంటే తెలుస్తది. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలె, అక్కడ నిలబడి ఏ సంఘానికి ఎంత వచ్చింది, దేనికి పెట్టిండ్రు అని చదవాలె, పంచాయతీ గోడ మీద రాయాలె. లెక్క చెప్పనోళ్లకు మళ్ల సంవత్సరం ఇయ్యొద్దు. డీజేలకు, ఫ్లెక్సీలకు, సన్మానాలకు ఈ పైసలు వాడరాదని ముందే పెట్టాలె, ఏ పార్టీ జెండా కింద గూడ పంచరాదు. సంఘాలు పార్టీలుగ చీలిపోయిన ఊర్లు నేను చూసిన, అట్ల అయితే పోయినోళ్ల ఇంటికి ఫ్రీజర్ పోవాల్నా వద్దా అని గూడ పార్టీ చూసుకునే రోజు వస్తది, అది రావొద్దు.

2025 డిసెంబర్‌ల ఎన్నికలయి ఊర్లల్లకు కొత్త సర్పంచులు వచ్చిండ్రు, వాళ్లల్ల చాలామంది ఈ యువజన సంఘాల నుంచి వచ్చినోళ్లే, వాళ్లకు నేను చెప్పేది కొత్తేం కాదు. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట, నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి కలెక్టర్లందరికి మీ పేపర్ ద్వారా నా మనవి, ముందు ఒక్క మండలంల పెట్టి చూడుండ్రి. సంక్రాంతి లోపట దరఖాస్తులు తీసుకోవాలె, శివరాత్రికి పైసలు ఖాతాల పడాలె, ఎందుకంటే చలివేంద్రం పైసలు జూన్ల వస్తే దేనికీ అక్కరకు రావు, పదో తరగతి పిల్లల జిరాక్సుల పైసలు ఏప్రిల్ల వచ్చినా అంతే. మీరు గూడ ఇచ్చినప్పుడు వేసే ఫోటోతోపాటు సంవత్సరం తర్వాత ఆ ఊరికి రిపోర్టర్‌ను పంపి ఆ ఫ్రీజర్, ఆ వాటర్ ప్లాంట్ నడుస్తున్నయా లేదా అని ఒక వార్త వేయుండ్రి సార్.

ఇట్లు,
మీ పాఠకుడు,
దేవరకద్ర మండలం, మహబూబ్‌నగర్ జిల్లా